రుచి చూడని చెయ్యి

తాను తినని తిండి ఎందుకంత రుచిగా ఉంటుందో చెప్పమని ఎవరైనా అడిగితే పుష్పలతకు ఒళ్లు మండేది. అడిగేవాళ్లకు ఆ సంగతి తెలియదు, పాపం. కువైట్‌లోని సాల్మియాలో సముద్రానికి ఒక వీధి ఇవతల ఉన్న ఆ మెక్సికన్ రెస్టారెంట్లో, వచ్చినవాళ్లకు కనబడేలా అద్దం వెనక నిలబడి ఆమె రొట్టెలు కాల్చేది. మొక్కజొన్న పిండి ముద్దను చెక్క అచ్చులో పెట్టి నొక్కడం, అరచేతి మీదికి తీసుకోవడం, పెనం మీద వేయడం, ఉబ్బగానే తీసి గుడ్డలో చుట్టడం. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూసేవాళ్లు. వాళ్ల తల్లులు, "ఇన్ని దేశాల వంటలు తిన్నాం, దీనికే ఎందుకింత రుచి?" అని ఇంగ్లీషులోనో అరబ్బీలోనో అడిగేవాళ్లు. పుష్పలత నవ్వేది. నవ్వమని మేనేజరు చెప్పాడు మరి.

మొదటి సంవత్సరం అలా లేదు. అప్పుడు రోసాల్బా ఉండేది.

రోసాల్బా మెక్సికోలో ఏదో కొండ ఊరి మనిషి. పొట్టిగా, గట్టిగా, నెరిసిన జడతో ఉండేది. రెస్టారెంటు పెట్టిన కంపెనీ ఆమెను పిలిపించుకొని, ఆమె పేరే బోర్డు మీద రాయించింది. పుష్పలతది రాజంపేట దగ్గర పల్లె. అంతకుముందు ఆమె ఒక కువైటీ ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసింది. ఇంటిపని వీసాను కంపెనీ వీసాగా మార్చుకోవచ్చని సర్కారు కొన్నాళ్లు వీలు కల్పించినప్పుడు, మామాను, అంటే ఆ ఇంటి యజమానురాలిని, బతిమాలి, ఏడ్చి, పోట్లాడి బయటపడింది. ఆ ఇంట్లో అందరూ తిన్నాక ఏది మిగిలితే అది తినాలి. ఒక్కోరోజు ఏదీ మిగిలేది కాదు. హోటల్లో పని అనగానే ఆమె మొదట అనుకున్న మాట, ఇక కడుపుకు కరువుండదని.

చేరిన రోజే రోసాల్బా ఒక రొట్టె కాల్చి, ఉప్పు చల్లి, చుట్టి ఆమె చేతిలో పెట్టింది. పుష్పలత దాన్ని పక్కన పెట్టబోతే కసిరింది. ఇద్దరికీ వచ్చిన భాష అరబ్బీ నాలుగు ముక్కలు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు. తినమంటోందని అర్థమై, "తిను అంటాండావా?" అంది పుష్పలత. "తిను," అని రోసాల్బా ఆ మాట పట్టుకుంది. ఆమెకు వచ్చిన తెలుగు మాట అదొక్కటే. పెనం దగ్గరికి ఎవరొచ్చినా చేతిలో ఏదో ముక్క పెట్టి, "తిను" అనేది. ఫిలిప్పీన్ పిల్లకూ అదే మాట, ఈజిప్టు డ్రైవరుకూ అదే మాట.

మొదట్లో పుష్పలతకు ఆ వంట మీద పెద్ద గౌరవమేమీ కలగలేదు.

"జొన్నరొట్టె మీద ఊరిబిండి పెట్టుకొని తిన్నెట్లుండాది. దీనికి ఇంత దూరం నుంచి మనిషిని తెప్పించల్నా?" అంది ఉదయ్‌కుమార్‌తో.

ఉదయ్‌కుమార్ కోనసీమ మనిషి. ఆమెకంటే నాలుగైదేళ్లు చిన్న. హోటల్ వంట చదువుకొని, దుబాయిలో ఇటాలియన్ చేసి, బహ్రెయిన్‌లో చైనీస్ చేసి, ఇక్కడ రోసాల్బా కింద రెండో వంటవాడుగా చేరాడు. "నిజవే అక్కా. వెన్న, చీజు, ఉప్పు, నిమ్మకాయ. ఆ నాలుగూ పడితే గడ్డైనా రుచిగానే ఉంటది," అని నవ్వాడు. అప్పట్లో ఆమెను అక్కా అనే పిలిచేవాడు. శుక్రవారాలు తన గదిలో చేపల పులుసు వండితే డబ్బాలో పెట్టి తెచ్చేవాడు కూడా.

కానీ రోజూ తింటూ తింటూ పుష్పలత మనసు మార్చుకుంది. రోసాల్బా ఎండుమిరపకాయలను మూడు రకాలు తెప్పించేది. ఒకదానికి ఎండుద్రాక్ష వాసన. ఒకదానికి పొగాకు వాసన. ఒకటి మాత్రం మనదానిలాగే మంట. వాటిని విడివిడిగా పెనం మీద వేయించేది. టమాటాలు, ఉల్లిగడ్డ, వెల్లుల్లి నల్ల మచ్చలు పడేదాకా కాల్చేది. మసాలా మాడిపోయిందని ఎవరైనా కంగారుపడితే చెయ్యి పట్టుకుని ఆపేది. మొక్కజొన్నలను సున్నం నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున రుద్ది కడిగి రుబ్బేది. సున్నమంటే పుష్పలతకు తెలిసింది తమలపాకుకు రాసేదీ గోడకు కొట్టేదీ. దాన్ని తిండిలో వేయడం చూసి మొదట హడలిపోయింది. ఆ పిండి రొట్టె నోట్లో పెట్టుకున్నాక ఆ హడలు పోయింది. వాన పడ్డ మట్టి వాసన ఏదో ఆ రొట్టెలో ఉంది. వేలికి చుట్టినా విరగదు.

అద్దం బయట నుంచి ఎవరైనా, మిగతా దేశాల వంటలకన్నా మీది ఎందుకంత బాగుంటుంది అని అడిగితే రోసాల్బాకు చిరాకు. మిగతా దేశాల అవ్వలను అడగండి, వాళ్లూ ఇదే అంటారు అనేది. ఒకరోజు మాత్రం పుష్పలతే అడిగింది. అప్పుడు ఆమె రొట్టెలో మాంసం పెట్టి ఒక టాకో చుట్టి, అందులోవి ఒక్కొక్కటీ వేలితో చూపించింది. మాంసం నిన్నటిది, రాత్రంతా ఉడికింది. మొక్కజొన్న మొన్నటిది. మిరపకాయ పోయిన సంవత్సరం ఎండినది. వీటి మీద పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ ఈ నిమిషానివి. కాలిందీ పచ్చిదీ, పాతదీ ఇప్పటిదీ ఒకే ముద్దలో నోట్లోకి పోతాయి, నాలుకకు విసుగు పుట్టడానికి సందు దొరకదు అంది. ఇదంతా ఆమె చేతులతో, మూడు భాషల ముక్కలతో చెప్పింది. చెప్పాక, "తిను," అంది.

ఆ వేసవిలో రోసాల్బాను పంపించేశారు.

తప్పేమీ జరగలేదు. ఆమె చేసేవన్నీ ఉదయ్‌కుమార్ నేర్చుకున్నాడు, రొట్టెలు పుష్పలత నేర్చుకుంది, ఇక ఆమెతో పనేముందని కంపెనీవాళ్లు అనుకున్నారు. కాంట్రాక్టు పొడిగించలేదు. బోర్డు మీద పేరు మాత్రం అలాగే ఉంచారు. గోడ మీద ఆమె నవ్వుతున్న ఫొటో కూడా. వెళ్లేరోజు రోసాల్బా చివరిసారి వంటింట్లోకి వచ్చింది. పుష్పలత రెండు చేతులూ పట్టుకుని, వాటిని తిప్పి చూసి, వదిలేసి వెళ్లిపోయింది. తాను నేర్చుకోవడం వల్లే ఆమె పోయిందా అని పుష్పలత చాలా రోజులు గింజుకుంది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

ఉదయ్‌కుమార్ పెద్ద చెఫ్ అయ్యాడు. తెల్లకోటు మీద పేరు కుట్టించుకున్నాడు. అక్కా అనడం మానేశాడు. "అందరి ముందూ ఉదయ్ అనకు. చెఫ్ అను," అన్నాడు.

ఆ వారంలోనే వంటింట్లో కెమెరాలు పెట్టారు. కంపెనీ నుంచి కొత్త మాట వచ్చింది. పనివాళ్లెవరూ రెస్టారెంటు తిండి నోట్లో పెట్టకూడదు. కంపెనీ పెద్ద వంటింటి నుంచి పనివాళ్లకు అన్నం, పప్పు డబ్బాల్లో వస్తాయి, అవే తినాలి. రుచి చూసే పని చెఫ్ ఒక్కడిదే. ముక్క నోట్లో వేసుకుంటే దొంగతనం కింద లెక్క. మేనేజరు అబ్దుల్ బాసిత్ కడప మనిషి. ఈ సంగతి చెప్పేటప్పుడు ఎవరి మొహమూ చూడలేకపోయాడు. "నా చేతుల్లో ఏం లేదమ్మా. పైనోళ్లు పెట్టిన రూలు," అన్నాడు.

పుష్పలత ఉదయ్‌కుమార్ వైపు చూసింది. ఒక్క మాట అంటాడేమోనని. వండేవాళ్లు రుచి చూడకపోతే ఎలా అని ఆ చదువుకున్న నోటితో ఒక్క మాట. అతను కోటు గుండీలు సర్దుకున్నాడు.

ఆ తర్వాత పెనం దగ్గర నిలబడ్డప్పుడల్లా ఆమెకు పాత మామా ఇల్లు గుర్తొచ్చేది. అక్కడ కనీసం మిగిలినవి తినొచ్చు. ఇక్కడ మిగిలినవి నల్ల సంచుల్లో కట్టి, కెమెరా ముందు పారేయాలి. అంట్లు తోమే మునిలక్ష్మి, చిన్న వయసుది, మదనపల్లె వైపు పిల్ల, సంచులు మోస్తూ ఒకరోజు ఏడ్చేసింది. "మా ఇంట్లో కుక్కకన్నా ఏస్తాంరా ఇట్లాంటివి," అంది పుష్పలత కెమెరా వైపు మొహం పెట్టి. ఆ కెమెరాకు మాట వినబడదని ఆమెకు తెలుసు. అయినా అంది.

తర్వాత ఒకరోజు సున్నం మారింది. పాత దుకాణం నుంచి తెచ్చేది ఆపేసి కంపెనీ ఇంకెక్కడినుంచో డబ్బాలు పంపింది. ఎప్పటిలాగే పిడికెడు వేస్తే కుండలో నీళ్లు చిక్కటి పసుపుకు తిరిగాయి. గింజ తొక్క ఊడటం కాదు, జారిపోతోంది. పుష్పలతకు అనుమానం వచ్చింది. ఉదయ్‌కుమార్ దగ్గరికి వెళ్లింది. మునిలక్ష్మి అక్కడే గిన్నెలు తోముతోంది.

"చెఫ్, పిండి రంగు మారింది. ఒక ముక్క కాల్చి తిని చూస్తా. సున్నం ఎక్కువ పడ్డెట్లుండాది."

"నువ్వు తినేదేంటి? కెమెరా కనపడతల్లేదా?"

"అట్లైతే నువ్వు తిని చూడు."

"నాకు పొద్దున్నుంచీ పనితో ఊపిరాడ్డం లేదు. ఏడాది నుంచీ చేత్తన్నావ్ కదా, నీ చేతికి తెలీదా? ఎల్లి పని చూసుకో."

ఇంకోసారి కడిగితే సున్నం పోయేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. పంపు ఎదురుగానే ఉంది. కానీ ఆ నిమిషాన ఆమెకు మొండితనం పట్టింది. తిననియ్యరు గదా, తినేటోళ్లే చెప్తారులే అనుకుంది. కడగలేదు. ఆ రోజూ కడగలేదు, మర్నాడూ కడగలేదు. అలా వారం గడిచింది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక హాలు నిండింది. ప్రతి శుక్రవారం మనవళ్లతో వచ్చే ఒక ముసలి కువైటీ ఉన్నాడు. రోసాల్బా ఉన్నప్పుడు లోపలికి వస్తూనే అద్దం మీద వేలితో తట్టి ఆమెకు సలాం చెప్పేవాడు. ఆరోజు ఆయన రెండు ముద్దలు తిని ప్లేటు పక్కకు జరిపాడు. గొడవేమీ చేయలేదు. ఇది ఆమె వంట కాదు, బోర్డు మార్చండి అన్నాడట.

అంతకుముందే రెండు ప్లేట్లు తిరిగొచ్చాయి. ఈ మూడోది పట్టుకుని ఉదయ్‌కుమార్ వంటింట్లోకి వచ్చాడు. మొహం ఎర్రబడింది. ప్లేటును పుష్పలత పెనం పక్కన ఠపీమని పెట్టాడు.

"ఇదిగో, నీ చేతి చలవ. చేదంటన్నారు."

"ఏది చేదు?"

"రొట్టె. ఇంకేంటి."

"నువ్వు తిన్యావా?"

"నేనెందుకు తింటాను? చేసింది నువ్వు."

"నువ్వు తినవు. నన్ను తిననియ్యవు. మరి ఎవురు తిని చెప్పల్ల? దుడ్డిచ్చి కూచున్నోళ్లా?"

"గొంతు తగ్గించు. అవతల జనం ఉన్నారు." అతను దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు, కానీ అందరికీ వినబడింది. "ఆవిడ నీకు తినడం నేర్పింది గానీ పని నేర్పలేదు."

పుష్పలత పెనం కింద మంట ఆపింది. ప్లేటు చేతిలోకి తీసుకుంది. తలుపు తోసుకుని హాల్లోకి నడిచింది. వంటింటి తలుపు పక్కన ఇద్దరు కూర్చునే చిన్న బల్ల ఖాళీగా ఉంది. పిండి అంటిన ఏప్రన్‌తోనే అక్కడ కూర్చుంది. ఒక టాకో చేతిలోకి తీసుకుని కొరికింది.

నమలడం మొదలుపెట్టగానే మాటలు తగ్గాయి. పక్క బల్ల దగ్గరి పిల్లలు ఆమెనే చూస్తున్నారు. ఆమె ఎవరినీ చూడలేదు. మాంసం బాగుంది. మీద వేసిన సాల్సా పచ్చడి బాగాలేదు. టమాటాలు కాల్చకుండానే మిక్సీలో వేసేశాడు, పచ్చివాసన దాచడానికి చక్కెర కలిపాడు. ఇది దొరికినందుకు ఆమెకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. నీ వంకర ఇదిరా నాయనా అనుకుంది. అంతలో రొట్టె రుచి నాలుక వెనక్కి పాకింది. బట్టల సబ్బు నోట్లో పడ్డట్టు చేదు. గొంతు దాకా పట్టింది. సందేహం లేకుండా తన రొట్టెదే.

అతను చెప్పింది నిజమైనందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది. రెండో ముద్ద కొరికింది. అదే చేదు. వారం రోజులుగా ఈ చేదు తన చేతుల మీదుగా ఎందరి నోళ్లలోకి పోయిందో! అద్దానికి ముక్కులు ఆనించిన పిల్లల నోళ్లలోకి కూడా.

ముసలాయన తన బల్ల దగ్గరి నుంచి ఆమె వైపు వంగాడు. "శ్లోనా?" అని అడిగాడు. ఎలా ఉంది అని.

"మూ జేన్," అంది పుష్పలత. బాగాలేదని.

ఆయన నవ్వలేదు. తలూపి, తన ముందున్న నీళ్ల సీసా తీసి మనవడి చేత ఆమె బల్ల మీదికి పంపించాడు.

అబ్దుల్ బాసిత్ చుట్టూ ఉన్నవాళ్లకు నవ్వు చూపిస్తూ ఆమె దగ్గరికి వచ్చాడు. "లెయ్ మ్మా. లోపలికి పా. అందరూ చూస్తాండారు," అన్నాడు గొంతు తగ్గించి తెలుగులో.

"చూడనీ సార్. నేను చేసిందే గదా తింటాండేది. దాచిపెట్టి తినేకి నేనేమన్నా దొంగనా?"

"ఇప్పుడు నువ్వు లెయ్యకపోతే నా పని కూడా ఖలాస్."

ఆ మాటకు లేచింది. ప్లేటు వదల్లేదు. వంటింట్లోకి వెళ్లి దాన్ని ఉదయ్‌కుమార్ ముందు పెట్టింది. ఆమె వెనకే అబ్దుల్ బాసిత్ వచ్చాడు. పనివాళ్లందరూ చేతులు ఆపారు.

"రొట్టె చేదే," అంది. "తప్పు నాదే. సున్నం ఎక్కువైంది. ఇంకోసారి కడిగింటే పొయ్యేది. కోపమొచ్చి కడగలేదు. ఒప్పుకుంటాండా."

"విన్నారా సార్? తనే ఒప్పుకుంది," అన్నాడు ఉదయ్‌కుమార్.

"నేను ఒప్పుకుంటి. ఇప్పుడు నువ్వు ఒప్పుకో. పిండి రంగు మారింది, తిని చూస్తానని నీకు చెప్పలేదా? నువ్వన్నా తిని చూడమని చెప్పలేదా?"

ఉదయ్‌కుమార్ మేనేజరు వైపు చూశాడు, కెమెరా వైపు చూశాడు. "నాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

పుష్పలత అతని మొహం నుంచి చూపు తిప్పుకుంది. చుట్టూ చూసింది. మునిలక్ష్మి తొట్టి దగ్గర నిలబడి ఉంది. సున్నం మారిన రోజు మాటలన్నీ విన్న మనిషి ఆమె ఒక్కతే. "ముని, నువ్వన్నా చెప్పు," అంది పుష్పలత. మునిలక్ష్మి తల వంచి, తోమిన గిన్నెనే మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

"చేపల పులుసు తెచ్చి పెడితివి గదరా నాకు!" అని అరిచింది పుష్పలత ఉదయ్‌కుమార్ మీద. ఎందుకు ఆ మాటే వచ్చిందో ఆమెకే తెలియదు. "అక్కా అని పిలిచి పెడితివి. ఆ నోరేనా ఇది? నాకు పని నేర్పలేదంటివే ఆమె! టమాటా కాల్చకుండా చక్కెర పోసేది నీకు నేర్పింది ఆమేనా? ఈ కూడు నువ్వు ఎన్నడన్నా కడుపునిండా తిన్యావా? నీ గదికి పోయి అన్నం వండుకుంటావు. నీకు ఇష్టమే లేదు ఈ తిండి. ఇష్టం లేనోనికి రుచి చూసే పని. ఇష్టమైనోళ్లకు నోరు కట్టేసే పని. ఇంగ రుచి యాడ్నుంచి వస్తాది?"

"నీకేం తెలుసు నా సంగతి?" ఉదయ్‌కుమార్ కూడా అరిచాడు. "పదిహేనేళ్లు వేరే వాళ్ల వంటలు వండేను. ఎవడి పేరో బోర్డు మీదుంటది, పొయ్యి దగ్గర నేను. ఇప్పటికి ఒక్క కోటు మీద నా పేరు పడింది. నీ రొట్టె ముక్క కోసం అది పోగొట్టుకోవాలా?"

ఆ మాట నిజమేనని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా కోపం తగ్గలేదు. "పోగొట్టుకోవద్దులే. మడిచి పెట్టుకో," అని ఏప్రన్ విప్పి బల్ల మీద పడేసింది.

మర్నాడు అబ్దుల్ బాసిత్ పిలిచాడు. కంపెనీవాళ్లు ఆమెను ఇంటికి పంపేయమన్నారట. కొత్త మనిషిని తెచ్చుకోవడం కష్టమని చెప్పి ఆపాడట. "రిలీజ్ ఇయ్యండి సార్, వేరే యాడన్నా చేసుకుంటా," అంది. ఇవ్వరన్నాడు. ఇదే కంపెనీకి మిర్కాబ్‌లో ఆఫీసుల కింద చిన్న దుకాణం ఉంది, అక్కడికి పొమ్మన్నాడు. "నీ మాట తప్పని నేననను. హాల్లోకి పోయి కూచోవడమే తప్పు," అన్నాడు.

"వంటింట్లో చెప్పినప్పుడు ఎవురన్నా వింటిరా సార్?" అంది.

మిర్కాబ్ దుకాణంలో పెనం లేదు. శనగల వడల్లాంటి ఫలాఫెల్ వేయించే మూకుడు, శాండ్‌విచ్‌లు చుట్టే కాగితాలు. కడప నుంచే వచ్చిన దిల్షాద్ బీ అక్కడ పెద్ద. మధ్యాహ్నం ఆఫీసుల వాళ్లు తోసుకుంటూ వస్తారు, నిలబడే తిని పోతారు. ఎందుకింత రుచి అని ఎవరూ అడగరు. దిల్షాద్ బీ మొదటి వాయి దించగానే ఒకటి తన నోట్లో వేసుకుని, ఒకటి పుష్పలత చేతిలో పెట్టింది. పుష్పలత తలెత్తి మూలలన్నీ చూసింది. "ఏం వెతుకుతాండావ్? ఈడ కెమెరాలు లేవు, తిను," అంది దిల్షాద్ బీ. పుష్పలత తింది. తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కూడా కోపం నీళ్లే.

సాల్మియాలో పనివాళ్ల గదిలో ఆమెదీ మునిలక్ష్మిదీ పక్కపక్క మంచాలు. చాలా రోజులు పుష్పలత ఆ పిల్లతో మాట్లాడలేదు. పిల్ల టీ పెట్టిస్తే తాగేది కాదు. బట్టలు మడిచి పెడితే విప్పి మళ్లీ మడుచుకునేది. ఇప్పుడు అద్దం వెనక రొట్టెలు చేసేది మునిలక్ష్మే అని తెలుసు. ఆ సంగతి ఈమె అడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు.

ఒక సెలవురోజు పొద్దున మునిలక్ష్మే ధైర్యం చేసి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా, రూలు తీసేసిండారు. ఈ వారం నుంచి పని ముందర అందరం ఒక టాకో తినల్ల. తిని, ఎట్లుందో చెప్పల్ల."

పుష్పలత లేచి కూర్చుంది. "ఎవురు తీసింది?"

"ప్లేట్లు రోజూ వాపసు వస్తాన్యాయి. పైనోళ్లు వచ్చి మీటింగు పెట్టిరి. చెఫ్ లేచి చెప్పినాడు. వండేటోళ్లు తినకపోతే రుచి రాదు, నేను మొదట్నుంచి ఇదే చెప్తాండా అని. అందరూ చప్పట్లు కొట్టిరి."

"మొదట్నుంచా?"

"ఊ."

పుష్పలత ఫోను తీసుకుంది. ఉదయ్‌కుమార్ వెంటనే ఎత్తాడు.

"అక్కా," అన్నాడు.

"ఆ మాట అనొద్దు నన్ను. మొదట్నుంచి చెప్తాండావంటనే నువ్వు? ఎవురికి చెప్తివి? గోడకా?"

అవతలి గొంతు తగ్గింది. "నేను చెప్పబట్టే కదా ఒప్పుకున్నారు. నువ్వు చెప్తే వింటారా? నీ పేరెత్తితే ఆ రూలు ఈ జన్మలో తీసేవోరు కాదు."

అది కూడా నిజమే. నిజమైనందుకే ఆమెకు ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. "నా మాట నీ నోట్లో పెట్టుకొని చప్పట్లు కొట్టించుకుంటివి. మేనేజరు ముందర నాకెవురూ చెప్పలేదంటివే, ఆ మాట వాపసు తీసుకో ముందు. ఆ వంటింట్లోనే, అందరి ముందర. తీసుకుంటావా?"

"చూత్తాను."

"చూసేదేంది? ఒకటి చెప్పు. తీసుకుంటావా, లేదా?"

"ముని రొట్టెలు విరిగిపోతన్నాయి. సున్నం ఎంతెయ్యాలో తనకి కొంచెం చెప్పవా?" అన్నాడు అతను.

పుష్పలత ఫోను పెట్టేసింది. మునిలక్ష్మి కదలకుండా కూర్చుంది.

"నాకు భయమైంది అక్కా ఆ రోజు," అంది చివరికి. "నోట్లోంచి మాట రాలేదు. ఇంటికి పంపేస్తారేమో అని."

"నాకు భయం లేదా? నాకు ఇల్లు లేదా, పిల్లలు లేరా?" పుష్పలత గొంతు గదంతా మోగింది. "నేను నీ పక్కన పండుకుంటి ఇన్నాళ్లు. ఒక్క మాట. ఊ అన్నా చాలు. అదన్నా అనలేకపోతివి."

మునిలక్ష్మి ఏడ్చింది. పుష్పలత ఓదార్చలేదు. చాలాసేపు కిటికీలోంచి ఎదురింటి గోడను చూస్తూ నిలబడింది. తర్వాత గది మూలనున్న పొయ్యి దగ్గరికి నడిచింది.

"నిన్న హోటల్లో నువ్వు నానేసిన గింజలు ఏమన్నా తెచ్చినావా?"

"తెచ్చినా అక్కా. డబ్బాలో ఉండాయి. నీకు చూపిస్తామని."

పుష్పలత మూత తీసి నాలుగు గింజలు వేళ్లతో నలిపింది. ఒక గింజ కొరికి ఉమ్మేసింది. "ఉడకలేదు. భయపడుకుంటా సున్నం ఏసినావు, చిటికెడు. తొక్క ఎట్ల పోతాది? నీళ్లు నాలుక మీద ఏసుకొని చూసినావా?"

"లేదు."

"ఇప్పుడు రూలు లేదు గదా? ఇంగ ఏం రోగం? చూడల్ల. నాలుక కొంచెం చురుక్కుమనల్ల, మండకూడదు." ఆమె ఇంకొంచెం సున్నం వేసి గిన్నె పొయ్యి మీద పెట్టి మళ్లీ ఉడికించింది. ఆ సేపంతా ఉదయ్‌కుమార్‌ను తిడుతూనే ఉంది, కంపెనీని తిట్టింది, కెమెరాలు కనిపెట్టినవాణ్ని తిట్టింది, మధ్యమధ్య మునిలక్ష్మిని తిట్టింది. గింజలు రుద్ది నాలుగు నీళ్లలో కడిగించింది. చిన్న మిక్సీలో రుబ్బించింది. పక్క గదుల ఆడవాళ్లు వాసనకు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎండుమిరపకాయలు, టమాటాలు పెనం మీద నల్లబడేసరికి అందరూ దగ్గుతూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కింది అంతస్తు నుంచి ఎవరో వచ్చి తలుపు కొట్టి కేకలేశారు. "తినిపోండి!" అని ఈమె లోపల్నుంచే అరిచింది.

అచ్చు లేదు కాబట్టి ప్లాస్టిక్ కాగితం మీద అరచేత్తో తట్టింది. మొదటి రొట్టె ఉబ్బింది. ఉప్పు, కాల్చిన మిరపకాయల సాల్సా, పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ. చుట్టి ముందు తాను ఒక ముక్క తింది. తల పక్కకు తిప్పి నమిలింది. మిగతాది మునిలక్ష్మి చేతిలో పెట్టింది.

పిల్ల తింది. ఏడుపు ఇంకా మొహం మీదే ఉంది. "బాగుంది అక్కా. ఇంగోటి," అంది.

"కూచో. చేస్తాండా గదా. వానికి ఫోన్ చేసి చెప్పు, ఆ మాట వాపసు తీసుకునేదాకా నేను వాని మొహం చూడనని," అని పుష్పలత ఇంకో ముద్ద తీసి తట్టడం మొదలుపెట్టింది.